భూమిని చూపించే ముందు హక్కును చూడాలి



మనం ఈ రోజు ఎవరిని తలచుకోవడానికి కూడామో ఆయన ఈ ఊరి వాళ్లందరికీ 'రైటరు గారు'. నా వెనక బ్యానరు మీద ఆయన అసలు పేరుంది కానీ ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో బల్ల వేసుకుని జీవితమంతా దస్తావేజులు రాశారు. నేను సబ్‌రిజిస్ట్రారు కుర్చీలో కూర్చుని రిజిస్టరు చేసిన కాగితాల్లో ఎన్నో ఆయన చేతి రాతవే. కలం పట్టుకునే ముందు అమ్మేవాళ్లని ఆయన మూడు ప్రశ్నలు అడిగేవారు. ఈ ఆస్తి మీకెలా వచ్చింది? మీకు అక్కచెల్లెళ్లు ఎందరు? ఇప్పుడా స్థలంలో ఎవరున్నారు? వీటికి సరైన జవాబు రాకపోతే ఎంత ఫీజు ఇస్తామన్నా రాసేవారు కాదు. కాగితాలు సరిచేసుకుని రమ్మని పంపించేవారు.

ఆయన చదివింది పాత ఎస్సెల్సీ. లా కాలేజీ మెట్లెక్కలేదు. అయినా ఆస్తి చట్టంలోని సారమంతా ఆ మూడు ప్రశ్నల్లో ఉంది. ఆస్తి ఏజెంట్లు కాబోతున్న మీకు ఈ గంటలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన దేశంలో ఆస్తి హక్కుకు ప్రభుత్వం హామీ ఇవ్వదు. విచారించుకునే బాధ్యత కొనేవాడి మీదే ఉంది. ఆ కొనేవాడి తరఫున ముందుగా చూసేది మీరు. కాబట్టి భూమిని చూపించడానికి ముందు హక్కును చూడటం మీ వృత్తిలో మొదటి పని. ఈ మాటని ఏడు మెట్లుగా విడదీసి చెబుతాను.

1. ఏజెంటు ఎవరి మనిషి?

మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. అందులో 182వ సెక్షను నుంచి ఏజెన్సీ గురించి ఉంటుంది. ఏజెంటు ఎవరి కోసం పనిచేస్తాడో వాళ్లని ప్రిన్సిపాల్ అంటారు. మీరు ఏ బేరంలో తలదూర్చినా ముందు తేల్చుకోవాల్సింది మీ ప్రిన్సిపాల్ ఎవరన్నది. అమ్మేవాడా, కొనేవాడా? ఇద్దరి దగ్గరా కమీషను తీసుకునేటట్టయితే ఆ సంగతి ఇద్దరికీ తెలిసి, ఇద్దరూ ఒప్పుకుని ఉండాలి.

మన దగ్గర ఒక అలవాటు బాగా నాటుకుపోయింది. అమ్మేవాడితో గజం ఇరవై వేలకి మాట్లాడతారు. కొనేవాడికి ఇరవై రెండు వేలని చెబుతారు. 200 గజాల ప్లాటు మీద నాలుగు లక్షలు మధ్యలో మిగులుతుంది. దీన్ని చాలామంది వ్యాపారంలో తెలివి అనుకుంటారు. 216వ సెక్షను ఏం చెబుతుందో వినండి. ప్రిన్సిపాల్‌కి తెలియకుండా ఏజెంటు ఆ వ్యవహారంలో సొంత బేరం చేసుకుంటే, దానివల్ల వచ్చిన లాభాన్ని ప్రిన్సిపాల్ రాబట్టుకోవచ్చు. 220వ సెక్షను ప్రకారం తప్పుడు నడవడితో చేసిన పనికి కమీషను అడిగే హక్కు కూడా ఉండదు. 219వ సెక్షను ప్రకారం వేరే ఒప్పందం లేకపోతే పని పూర్తయ్యాకే కమీషను. అందుకని కమీషను ఎంత, ఎప్పుడు, ఎవరు ఇస్తారన్నది మొదటి రోజే కాగితం మీద పెట్టుకోండి. నోటి మాట మీద కమీషను కోసం తర్వాత తగువులాడి సాధించేది ఏమీ ఉండదు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో ఉంది. మూడో సెక్షనులో 'నోటీసు' అంటే ఏమిటో వివరించారు. రిజిస్టరైన దస్తావేజు ఉంటే అది కొనేవాడికి తెలిసినట్టే లెక్క. స్థలంలో ఎవరైనా కాపురం ఉంటే వాళ్లకున్న హక్కు కూడా తెలిసినట్టే లెక్క. విచారించాల్సిన చోట కావాలని విచారించకపోయినా, మరీ నిర్లక్ష్యం చేసినా తెలిసినట్టే లెక్క. చివరి వివరణ మీ గురించి. ప్రిన్సిపాల్ తరఫున పనిచేస్తున్నప్పుడు ఏజెంటుకు తెలిసిన విషయం ఆ ప్రిన్సిపాల్‌కి కూడా తెలిసినట్టే చట్టం భావిస్తుంది. కొనేవాళ్ల తరఫున మీరు స్థలం చూడటానికి వెళ్లారు. అక్కడో పాక ఉంది, అందులో ఒక ముసలమ్మ ఉంది. 'ఎవరో ఉంటున్నారులే' అనుకుని కొనేవాళ్లకి చెప్పలేదు. రేపు ఆ ముసలమ్మ కోర్టుకి వెళితే, 'మాకు తెలియదు' అనే మాట కొనేవాళ్లకి పనికిరాకుండా పోవచ్చు. వాళ్ల తరఫున మీరు చూశారు కదా. రైటరు గారి మూడో ప్రశ్న ఎంత బరువైనదో ఇప్పుడు తెలుస్తుంది.

2. మాట నుంచి దస్తావేజు దాకా

బేరం కుదరగానే బయానా ఇస్తారు, అగ్రిమెంటు రాసుకుంటారు. ఆ రోజు నుంచే స్థలం తమదైపోయిందని చాలామంది అనుకుంటారు. ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను స్పష్టంగా చెబుతుంది. అమ్ముతానన్న అగ్రిమెంటు తనంత తాను ఆస్తిలో ఏ హక్కునూ కలిగించదు. దాంతో కొనేవాడికి వచ్చేది దస్తావేజు రాయించమని అడిగే హక్కు మాత్రమే. రాయకపోతే కోర్టుకి వెళ్లాలి. దానికి గడువు మూడేళ్లు. అగ్రిమెంటులో తేదీ ఉంటే ఆ తేదీ నుంచి, లేకపోతే అమ్మేవాడు రాయనన్నాడని తెలిసిన రోజు నుంచి లెక్క. రాసుకోండి, లిమిటేషన్ చట్టం 54వ ఆర్టికల్. సెక్షను, ఆర్టికల్ నంబరు ఒకటే కావడం వల్ల గుర్తుపెట్టుకోవడం తేలిక.

స్వాధీనం కూడా ఇచ్చేస్తూ రాసుకునే అగ్రిమెంట్లు ఉంటాయి. అమ్మేవాడు ఆ స్వాధీనాన్ని తిరిగి లాక్కోకుండా 53-ఎ సెక్షను కాపాడుతుంది. అయితే 2001 సవరణ తర్వాత ఆ రక్షణ కావాలంటే అగ్రిమెంటు రిజిస్టరై ఉండాలి. తెలంగాణ పల్లెల్లో తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామాలు తరాలుగా నడిచాయి. వాటిని క్రమబద్ధం చేయడానికి ప్రభుత్వాలు మళ్లీమళ్లీ దరఖాస్తులు పిలవాల్సి వచ్చింది. ఆ కాగితాలు రాసుకున్న రైతులు మోసగాళ్లు కారు. రిజిస్ట్రేషన్ ఖర్చు భరించలేకా, ఒకరి మీద ఒకరికున్న నమ్మకంతోనూ రాసుకున్నారు. ఆ నమ్మకం వాళ్ల పిల్లల తరంలో కోర్టు మెట్లెక్కింది.

జీపీఏ గురించి ఇంకో మాట. ఒకప్పుడు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అగ్రిమెంటు, వీలునామా మూడూ కలిపి రాయించుకుని కొన్నామనుకునేవాళ్లు. సూరజ్ లాంప్ కేసులో 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ పద్ధతిలో యాజమాన్యం మారదని తేల్చి చెప్పింది. నిజమైన జీపీఏ చెల్లుతుంది, కానీ మామూలుగా ఇచ్చిన మనిషి చనిపోతే దాని శక్తి అక్కడితో అయిపోతుంది. మన జిల్లాల నుంచి అమెరికాకి, గల్ఫ్‌కి వెళ్లిన వాళ్లు ఎందరో ఇక్కడి అన్నదమ్ములకి జీపీఏ పంపిస్తారు. విదేశంలో రాసిన ఆ కాగితం ఇండియాకి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించుకోవాలి. జీపీఏ చూపించి ఎవరైనా అమ్ముతున్నారంటే, ఇచ్చిన మనిషితో వీడియో కాల్‌లో మాట్లాడండి. బతికే ఉన్నారా, రద్దు చేశారా, అమ్మే అధికారం అందులో ఉందా అన్నవి ఆ పది నిమిషాల్లో తేలతాయి. విదేశాల్లో ఉన్నవాళ్లు కొనేటప్పుడు కూడా ఒక హద్దుంది. ఫెమా నిబంధనల ప్రకారం ఎన్నారైలు ఇళ్లు, వాణిజ్య స్థలాలు కొనుక్కోవచ్చు కానీ వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనకూడదు.

3. రిజిస్ట్రేషన్ చేసేదేమిటి?

ఇది నేను కూర్చున్న కుర్చీ గురించి కాబట్టి కాస్త నింపాదిగా చెబుతాను. దస్తావేజు రాసి, స్టాంపు డ్యూటీ కట్టి ఆఫీసుకి వస్తారు. రాసిన నాటి నుంచి నాలుగు నెలల్లోగా తేవాలి. సబ్‌రిజిస్ట్రారు ముందు అమ్మేవాడు కూర్చుంటాడు. 'ఈ దస్తావేజు నువ్వే రాసిచ్చావా?' అని అడుగుతారు. ఒప్పుకుంటాడు. గుర్తింపు సాక్షులు ఇద్దరు అవునంటారు. వేలిముద్రలు, ఫోటో తీసుకుంటారు. దస్తావేజు వెనక పేజీలో ఎండార్సుమెంటు రాస్తారు. నంబరు పడుతుంది, స్కానవుతుంది. పని అయిపోయింది.

ఇందులో ఎక్కడైనా 'ఈ భూమి నీదేనా?' అన్న విచారణ ఉందా? లేదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ఆ విచారణ చేసే అధికారాన్ని సబ్‌రిజిస్ట్రారుకి ఇవ్వలేదు. తమిళనాడులో అమ్మేవాడి హక్కు పత్రాలు చూపించకపోతే రిజిస్ట్రేషన్ నిరాకరించవచ్చని ఒక నియమం తెచ్చారు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అమ్మేవాడికి హక్కుందో లేదో తేల్చడం రిజిస్టరు చేసే అధికారి పని కాదని చెప్పింది. అంటే ఎవరైనా తనకు లేని హక్కుని కూడా ముద్దర వేయించి అమ్మేయగలడు. అలాంటి దస్తావేజు రిజిస్టరైనా కొన్నవాడికి ఏమీ రాదు. తన దగ్గర ఉన్నంత హక్కునే ఎవరైనా ఇవ్వగలరు. ఒకే స్థలాన్ని ఇద్దరికి అమ్మితే ఆస్తి బదిలీ చట్టం 48వ సెక్షను ప్రకారం ముందు పొందినవాడి హక్కుదే పైచేయి.

ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ 1858లో వేరే పద్ధతి తెచ్చాడు. అక్కడ ప్రభుత్వ రిజిస్టరులో పేరున్నవాడే యజమాని, దానికి ప్రభుత్వమే పూచీ. మన ఆంధ్రప్రదేశ్ కూడా ఆ దారిలో భూ హక్కుల చట్టం తెచ్చింది. 2023లో అది అమల్లోకి వచ్చింది. హక్కు తేల్చే అధికారం కోర్టుల నుంచి అధికారులకి పోతుందని రైతులు, న్యాయవాదులు గట్టిగా వ్యతిరేకించారు. 2024లో అది రద్దయింది. దాని మంచిచెడ్డలు ఈ సభలో తేల్చేవి కావు. మనకి కావలసిన సంగతి ఇది: ఈ రోజుకీ మన రెండు రాష్ట్రాల్లోనూ దస్తావేజు రిజిస్టరవుతోంది, హక్కు రిజిస్టరు కావడం లేదు. పట్టాదారు పాసుపుస్తకం, 1-బి, అడంగల్, తెలంగాణలో పహాణీ, ఇవన్నీ విలువైన ఆధారాలే. శిస్తు లెక్కల కోసం పుట్టిన ఈ రికార్డులు వాటంతటవే యాజమాన్యం కలిగించవని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి.

4. ఈసీ చూపించనివి

'ఈసీ క్లియర్‌గా ఉందండీ' అన్న మాట మీరు రోజూ వింటారు, రోజూ అంటారు. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ చూపించేది రిజిస్టరైన లావాదేవీల్ని మాత్రమే. ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకుముందు వివరాలకి ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. సర్వే నంబరు తప్పు ఇస్తే వచ్చే ఈసీ ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది. అందుకే ఒక సర్వే నంబరు సబ్‌డివిజన్ అయిందా, పాత నంబరేమిటి, ఇంటి నంబరు మారిందా అన్నవి పట్టుకుని అన్ని నంబర్లతోనూ తీయాలి.

ఈసీలో కనిపించనివి చాలా ఉన్నాయి. రిజిస్టరు కాని వీలునామా కనిపించదు. వీలునామాకి ఇద్దరు సాక్షులుంటే చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. నోటి మాటగా జరిగిన కుటుంబ పంపకాలు కనిపించవు. అసలు దస్తావేజులు బ్యాంకులో పెట్టి తెచ్చుకున్న అప్పు, దాని మెమోరాండం రిజిస్టరు కాకపోతే, కనిపించదు. అలాంటి తాకట్ల కోసం సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో వెతకాలి. అన్నిటికంటే ముఖ్యం, కోర్టులో నడుస్తున్న దావా చాలాసార్లు కనిపించదు. ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షను ప్రకారం దావా నడుస్తుండగా కొన్నవాడు ఆ దావా తీర్పుకి కట్టుబడి ఉండాల్సిందే, దావా సంగతి తెలియకపోయినా. ఈ-కోర్టుల వెబ్‌సైటులో అమ్మేవాడి పేరుతో, ఆయన తండ్రి పేరుతో జిల్లా కోర్టుల్లో వెతకండి. దానికి రూపాయి ఖర్చు లేదు.

అసలు దస్తావేజుల్ని చేత్తో పట్టుకుని చూడాలి, జెరాక్సులతో సరిపెట్టుకోకూడదు. లింకు డాక్యుమెంట్లు కనీసం ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. ఒక దస్తావేజులో కొన్నవాడే తర్వాతి దస్తావేజులో అమ్మేవాడై ఉండాలి. మధ్యలో ఈ గొలుసు తెగితే, అది ఎందుకు తెగిందో చెప్పే కాగితం ఉండాలి: వారసత్వం, భాగపరిష్కారం, దానం, కోర్టు డిక్రీ. ఆ తర్వాత చివరి పేజీలో షెడ్యూలు దగ్గరికి రండి. చెక్కుబందీ చదవండి. తూర్పు ఫలానా వారి ఇల్లు, దక్షిణం పంచాయతీ రోడ్డు, పడమర పంట కాలవ, ఉత్తరం ఫలానా వారి స్థలం. ఆ కాగితం పట్టుకుని నేల మీద నిలబడి నాలుగు దిక్కులూ సరిచూడండి. విస్తీర్ణానికీ హద్దులకీ తేడా వస్తే సాధారణంగా కోర్టులు హద్దులనే నమ్ముతాయి. కొలతలు కూడా మీ నోటికి రావాలి. ఎకరం అంటే 100 సెంట్లు, 40 గుంటలు, 4,840 చదరపు గజాలు. గుంటకి 121 గజాలు, సెంటుకి 48.4 గజాలు. నెల్లూరు వైపు, రాయలసీమలో అంకణాల్లో మాట్లాడితే అక్కడి అంకణం ఎంతో అడిగి తెలుసుకోవాలి. ఊరిని బట్టి అది మారుతుంది.

5. ఎవరెవరు సంతకం పెట్టాలి?

రైటరు గారి రెండో ప్రశ్న, మీకు అక్కచెల్లెళ్లు ఎందరని. ఈ ప్రశ్న అడిగితే అమ్మేవాళ్లు మొహం చిట్లిస్తారు. 'వాళ్లకి పెళ్లిళ్లు చేసి పంపించేశాం కదా, కట్నాలిచ్చాం కదా' అంటారు. చట్టం ఆ లెక్క ఒప్పుకోదు. హిందూ వారసత్వ చట్టం వచ్చిన 1956 నుంచే తండ్రి స్వార్జితంలో కొడుకుతో సమానంగా కూతురు వారసురాలు. పిత్రార్జితంలో కూడా సమాన వాటా ఇవ్వడంలో దేశంలో ముందుగా అడుగు వేసిన రాష్ట్రాల్లో మనది ఒకటి. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకి ఆ హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ దేశమంతటా పెళ్లయినా కాకపోయినా కూతుళ్లందరికీ పుట్టుకతోనే ఆ హక్కుందని చెప్పింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని వినీత శర్మ కేసులో 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమంగా జరిగిపోయిన పంపకాలు మాత్రం కదలవు.

ఇంకొకరిని అందరూ మర్చిపోతారు. కొడుకు తల్లి కంటే ముందు వీలునామా లేకుండా చనిపోతే, ఆ తల్లి అతని భార్యాపిల్లలతో సమానంగా మొదటి తరగతి వారసురాలు. భార్య, పిల్లలు మాత్రమే సంతకం పెట్టిన దస్తావేజులు ఎన్నో ఉన్నాయి. ఆ తల్లి వాటా అందులో అమ్ముడుపోలేదు. మైనరు పిల్లల సొంత ఆస్తి అమ్మాలంటే తండ్రయినా తల్లయినా కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. లేకపోతే మేజరయ్యాక ఆ పిల్లలు దాన్ని రద్దు చేయించుకోవచ్చు. ముస్లిం కుటుంబాలకి వాళ్ల వారసత్వ చట్టం, క్రైస్తవులకి 1925 భారత వారసత్వ చట్టం వర్తిస్తాయి. ఎవరి ఇంట్లో ఏ చట్టమో తెలుసుకుని మాట్లాడాలి.

ఇది కాగితాల సంగతి మాత్రమే అనుకోకండి. ఆడపిల్లల వాటా తగ్గించి అమ్మకం సాగించిన ప్రతిసారీ, ఆ కమీషనులో ఒక అన్యాయం కలిసి ఉంటుంది. ఏజెంటు ఆ ప్రశ్న అడిగితే చాలు, ఎన్నో ఇళ్లలో అక్కచెల్లెళ్ల హక్కు బతుకుతుంది.

6. అమ్మకానికి రాని భూములు

కొన్ని భూములు అమ్మేవాడి చేతిలో ఉన్నా, అమ్మే హక్కు అతనికి ఉండదు. నిరుపేదలకి ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములు వీటిలో మొదటివి. 1977 నాటి తొమ్మిదో చట్టం వాటి అమ్మకం చెల్లదని చెప్పింది. ఇచ్చి 20 ఏళ్లు దాటిన వాటికి ఆంధ్రప్రదేశ్‌లో 2023 సవరణ దారి చూపించినా, మీ చేతిలో ఉన్న సర్వే నంబరు నిషేధిత జాబితా నుంచి తీసేశారా లేదా అన్నదే అసలు ప్రశ్న. దాన్ని అందరం '22-ఎ లిస్టు' అంటాం. రిజిస్ట్రేషన్ చట్టానికి రాష్ట్రం చేర్చిన 22-ఎ సెక్షను కింద ప్రభుత్వ భూములు, అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్, సీలింగు మిగులు భూములు ఇందులో ఉంటాయి. బేరం మొదలుపెట్టక ముందే చూడాల్సిన జాబితా ఇది.

ఆంధ్ర ప్రాంతంలో రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అంటే ఆర్‌ఎస్‌ఆర్, తిరగేస్తే కొన్ని సర్వే నంబర్ల ఎదుట పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో చుక్కలు కనిపిస్తాయి. బ్రిటిషు కాలంలో ఎవరి పేరూ రాయకుండా వదిలేసినవి. వాటిని చుక్కల భూములు అంటారు. తరాలుగా సాగు చేసుకుంటున్న రైతులు అమ్మలేక, అప్పు పుట్టక నలిగిపోయారు. వాటిని తేల్చడానికి 2017లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. ఆ ఒక్క గడి చూడకుండా పొలం బేరం చేయకండి.

ఏజెన్సీ ప్రాంతాల సంగతి మరీ గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు వైపు షెడ్యూల్డు ప్రాంతాల్లో 1959 నాటి ఒకటో రెగ్యులేషన్, దాని 1970 సవరణ అమల్లో ఉన్నాయి. అక్కడ భూమి గిరిజనులకి లేదా గిరిజనులే సభ్యులైన సహకార సంఘాలకి తప్ప వేరే ఎవరికీ బదిలీ కాదు. గిరిజనేతరుల మధ్య కూడా కాదు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది అతనే. అక్కడ బేనామీ పేర్లతో స్థలాలు ఇప్పించే ఏజెంటు చేసేది ఒక జాతి కాళ్ల కింద నేలని లాగేయడం. ఆ పనికి దూరంగా ఉండమని చేతులు జోడించి అడుగుతున్నాను.

7. లేఅవుటు, ఫ్లాటు, రెరా

2014 తర్వాత రాజధాని మాటతో గుంటూరు, విజయవాడ చుట్టూ పొలాల్లో రాత్రికి రాత్రి రంగు జెండాలు లేచాయి. హైదరాబాదు చుట్టూ అంతకు చాలా ముందే లేచాయి. ఆ జెండాల మధ్య కారు దిగే కుటుంబాలు ఏజెంటు మొహం చూసి డబ్బు కట్టాయి. వాళ్లని కాపాడటానికి పార్లమెంటు 2016లో రెరా చట్టం చేసింది. 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో, లేదా ఎనిమిదికి మించి ఫ్లాట్లతో వేసే ప్రాజెక్టు రెరాలో నమోదు కాకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. రెరా కిందికి వచ్చే ప్రాజెక్టులో అమ్మిపెట్టే ఏజెంటు కూడా తొమ్మిదో సెక్షను కింద నమోదు కావాలి. పదో సెక్షను ప్రకారం నమోదు కాని ప్రాజెక్టును ఏజెంటు అమ్మిపెట్టకూడదు, లేనివి ఉన్నట్టు చెప్పకూడదు, కొనేవాడికి బుకింగు సమయంలో రావలసిన కాగితాలన్నీ అందేలా చూడాలి. తప్పితే 62వ సెక్షను కింద రోజుకి పది వేల రూపాయల జరిమానా, ఆ ప్లాటు లేదా ఫ్లాటు ధరలో ఐదు శాతం దాకా.

కొనేవాళ్లకి మీరు నోటితో చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా పది శాతం మించి బిల్డరు తీసుకోకూడదు. వసూలైన డబ్బులో డెబ్బై శాతం ఆ ప్రాజెక్టు ఖర్చుల కోసమే వేరే ఖాతాలో ఉండాలి. ఫ్లాటు ధర కార్పెట్ ఏరియా మీద లెక్కకట్టి చెప్పాలి. అప్పగించాక ఐదేళ్లలోగా కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే ఉచితంగా సరిచేయాలి. ఇల్లు సకాలంలో ఇవ్వకపోతే డబ్బు వడ్డీతో సహా వెనక్కి అడగొచ్చు. ఫ్లాటుతో పాటు నేలలో వచ్చే అవిభక్త వాటా ఎన్ని గజాలో దస్తావేజులో చూపించండి. పాత భవనం పడగొట్టే రోజు వచ్చినప్పుడు మిగిలే ఆస్తి అదే. ఇక స్థిరాస్తికి బయానా ఇరవై వేలు, అంతకు మించి నగదు రూపంలో తీసుకోకూడదు. యాభై లక్షలు, ఆపైన విలువైన స్థిరాస్తి కొంటే, వ్యవసాయ భూమి కాకపోతే, కొనేవాడు ఒక శాతం టీడీఎస్ పట్టుకుని కట్టాలి. అమ్మేవాడు ఎన్నారై అయితే లెక్క వేరు, ఆడిటరుని అడగమని పంపించండి.

ముగింపు

మిత్రులారా, ఈ ఏడు మెట్లూ చెప్పేది ఒకటే. చట్టం కొనేవాణ్ని 'చూసుకుని కొను' అంటోంది. సబ్‌రిజిస్ట్రారు చూడడు. రెవెన్యూ రికార్డు పూర్తిగా చూపించదు. బ్యాంకు తన అప్పు వసూలయ్యేంత వరకే చూస్తుంది. జీవితకాలపు పొదుపు పెట్టి సెంటు భూమి కొనే ఉపాధ్యాయుడికి, ఆర్టీసీ డ్రైవరుకి, గల్ఫ్‌లో ఎండకి మాడిన కూలీకి మొదటి చూపు మీదే. మీరు న్యాయవాది కానక్కర్లేదు. హక్కు మీద అనుమానం వస్తే న్యాయవాది దగ్గరికి పంపించే తెలివిడి ఉంటే చాలు.

మీ అందరికీ నా విన్నపం ఇది. ప్రతి బేరానికీ ఒక పేజీ రాయండి. పైన స్థలం వివరాలు. కింద, నేను చూసినవి ఇవి: లింకు డాక్యుమెంట్లు ఫలానా సంవత్సరం దాకా, ఈసీ ఫలానా నంబర్లతో, 22-ఎ జాబితా ఫలానా తేదీన, వారసులు వీళ్లు, స్థలంలో ఉన్నది వీళ్లు. దాని కింద, నేను చూడనివి ఇవి. కింద మీ సంతకం, రెరా నంబరు. ఒక ప్రతి కొనేవాళ్లకి ఇచ్చి, ఒకటి మీ దగ్గర దాచుకోండి. మీకు శిక్షణ ఇస్తున్న సంస్థ వాళ్లు ఈ పేజీ రాయడాన్ని పాఠంలో భాగం చేయాలని, అది రాయడం రాని వాళ్లకి సర్టిఫికెట్ ఇవ్వవద్దని ఈ వేదిక నుంచి కోరుతున్నాను. ఆ పేజీ మీద సంతకం పెట్టే ధైర్యం లేని బేరంలో కమీషను తీసుకోకండి.